పొలంలో మరో ఇల్లు కట్టాలంటే: తెలంగాణ రైతు కుటుంబాలకు నిబంధనల మార్గదర్శి

బావి దగ్గర తండ్రి కట్టిన ఇల్లు ఒకటి ఉండగా, పెళ్లయిన కొడుక్కో, తిరిగివచ్చిన కూతురికో, పట్నం ఉద్యోగం ముగించుకున్న తమ్ముడికో అదే పొలంలో మరో ఇల్లు వేసుకోవాలన్న ఆలోచన చాలా కుటుంబాల్లో వస్తుంది. భూమి మనదే, పాస్‌బుక్ మన పేరునే ఉంది, కనుక ఇల్లు కట్టుకోవడానికి ఎవరిని అడగాలన్న ప్రశ్న సహజమే. జవాబు ఏమిటంటే ముగ్గురిని అడగాలి. ఈ భూమిలో నివాసానికి చోటుందా అన్నది మాస్టర్ ప్లాన్ ఉన్న ప్రణాళికా సంస్థ చెబుతుంది. సాగుభూమిని సాగేతర భూమిగా మార్చడం రెవెన్యూ శాఖ పని. ఫలానా నక్షా ప్రకారం ఫలానా ఎత్తున కట్టుకోవచ్చని అనుమతి ఇచ్చేది గ్రామపంచాయతీ లేదా మున్సిపాలిటీ. ఈ మూడూ వేర్వేరు చట్టాల కింద నడిచేవి. ఒకచోట వచ్చిన కాగితం మరోచోటి అనుమతికి బదులు కాదు.

పల్లెల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. నాలా, అంటే సాగుభూమిని సాగేతర భూమిగా మార్చే రెవెన్యూ ఉత్తర్వు, చేయించుకుంటే ఇంటికి అనుమతి వచ్చేసినట్టేనని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. నాలా ఉత్తర్వు కింద ఉండే షరతులను ఓపికగా చదివితే, ఈ ఉత్తర్వు భూమిపై హక్కును ధ్రువీకరించదని, ఇతర చట్టాల కింద తీసుకోవలసిన అనుమతులకు ఇది బదులు కాదని అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి వరుస ముఖ్యం: మొదట జోన్ (మాస్టర్ ప్లాన్ ఆ భూమికి పెట్టిన వినియోగ వర్గం), ఆ తరువాత హక్కు, ఆపైన నాలా, చివరగా నిర్మాణ అనుమతి. ఈ వరుస తలకిందులైతే, ఇల్లు కట్టడానికి వీల్లేని జోన్‌లో నాలా రుసుము చెల్లించి కూర్చోవలసి వస్తుంది.

జోన్ ఏదో తేల్చుకోవడం

ముందుగా మీ గ్రామం ఎవరి పరిధిలో ఉందో తెలుసుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అయితే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), వరంగల్ వైపు కాకతీయ, కరీంనగర్ వైపు శాతవాహన, ఖమ్మం వైపు స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి. ఈ పరిధులు మారుతూ ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. హెచ్‌ఎండీఏ పరిధి 2025లో ప్రతిపాదిత ప్రాంతీయ వలయ రహదారి దాకా విస్తరించింది. రంగారెడ్డి జిల్లాలోని కొన్ని మండలాల గ్రామాలు ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ కిందికి వెళ్లాయి. రెండేళ్ల కింద పక్క పొలం వాళ్లు ఎవరి దగ్గర అనుమతి తీసుకున్నారో, మీరు ఇప్పుడు అక్కడికే వెళ్లాలన్న నియమం లేదు. ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనూ లేని గ్రామాల్లో సాంకేతిక పరిశీలన బాధ్యత జిల్లాలోని నగర, గ్రామ ప్రణాళిక విభాగానిది. దాన్నే అందరూ డీటీసీపీ అంటారు.

పరిధి తెలిశాక సర్వే నంబరు వారీగా జోన్ చూడాలి. హెచ్‌ఎండీఏ విషయంలో 2013 జనవరి 24న జీవో 33తో అమల్లోకి వచ్చిన, 2031 వరకు వర్తించే మహానగర అభివృద్ధి ప్రణాళిక ప్రధానమైనది. అందులో రెసిడెన్షియల్, పెరి అర్బన్, కన్జర్వేషన్, బయో కన్జర్వేషన్, రిక్రియేషన్, మాన్యుఫాక్చరింగ్ వంటి జోన్లు ఉన్నాయి. పొలాల్లో ఎక్కువ భాగం కన్జర్వేషన్ జోన్‌లో పడుతుంది; అక్కడ ప్రధాన వినియోగం వ్యవసాయమే. అందువల్ల ఇళ్ల ప్లాట్ల లేఅవుట్ వేయడానికి వీలుండదు. విడిగా ఒక ఫామ్ హౌస్ లేదా రైతు నివాసం మాత్రం ఆ జోన్‌కు రాసిన షరతులకు లోబడి సాధ్యమవుతుంది. రెసిడెన్షియల్ జోన్‌లో ఇబ్బంది తక్కువ. రిక్రియేషన్, మాన్యుఫాక్చరింగ్ జోన్లలో మీ పొలం ఉంటే రెండో ఇంటి ఆలోచనకు ముందే అడ్డు పడినట్టు లెక్క.

ఆన్‌లైన్‌లో కనిపించే రంగుల పటాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు. పటంలో సర్వే నంబర్ల గీతలు నేలమీది హద్దురాళ్లతో అచ్చంగా కలవవు. పైగా ఒకే సర్వే నంబరు రెండు జోన్లలో పడడం అరుదేమీ కాదు. సంబంధిత సంస్థకు దరఖాస్తు చేసి, రుసుము కట్టి, భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. వాడుకలో దీన్ని ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అంటారు. దరఖాస్తులో మొత్తం సర్వే నంబరు రాసి వదిలేయకుండా, ఇల్లు వేయదలచిన భాగాన్ని గ్రామ నక్షా ప్రతిపైన, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) ఉంటే దానిపైన కూడా, గుర్తించి జత చేస్తే జవాబు ఆ భాగానికి సూటిగా వస్తుంది. ప్రతిపాదిత మాస్టర్ ప్లాన్ రోడ్డు మీ పొలం మీదుగా పోతోందా అన్నది కూడా ఇదే సందర్భంలో అడగాలి. జోన్ అనుకూలంగానే ఉండి, వంద అడుగుల రోడ్డు గీత సరిగ్గా ఇంటి స్థలం మీదుగా పోయిన ఉదంతాలు కొత్తవేమీ కావు.

ధ్రువపత్రం చేతికి వచ్చాక, ఆ జోన్ నిబంధనల్లో నాలుగు సంగతులు విడివిడిగా చూడాలి. కనీసం ఎంత విస్తీర్ణం ఉంటే నివాసం అనుమతిస్తారు, అందులో ఎంత శాతంపైన కట్టడం ఉండవచ్చు, ఎత్తు ఎంత, చేరుకునే దారి ఎంత వెడల్పు ఉండాలి. రెండో ఇల్లు కడుతున్నవారికి ఇంకో మెలిక ఉంటుంది: కట్టడం శాతాన్ని లెక్కించేటప్పుడు పాత ఇల్లు కూడా కలుస్తుంది. కొత్త ఇంటిని మాత్రమే లెక్క వేసి నక్షా గీయించుకుంటే, పరిశీలనకు వచ్చిన అధికారి పాత ఇంటిని చూడగానే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరివాహకంలో ఉన్న 84 గ్రామాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్ 12న వచ్చిన జీవో 69 ఆ ఆంక్షలను తొలగిస్తున్నట్టు చెప్పినా, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి, తరువాతి విధివిధానాల పనిని ఒక కమిటీకి అప్పగించింది. జీవో ఎత్తేశారు, ఏమైనా కట్టుకోవచ్చు అని చెప్పే మధ్యవర్తులకు ఈ రెండో భాగం ఎప్పుడూ గుర్తుండదు. ఈ గ్రామాల్లో రాతపూర్వక జవాబు లేకుండా ఒక్క ఇటుక కూడా దింపించకపోవడం మేలు.

చెరువు, వాగు, కాలువ దగ్గరి పొలాలు

తెలంగాణ పల్లెల్లో మంచి భూమి చెరువు కిందనే ఉంటుంది, కనుక ఈ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లోని భవన నిర్మాణ నియమాల ప్రకారం, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే ఎఫ్‌టీఎల్ గీత లోపల ఎలాంటి కట్టడమూ ఉండకూడదు. ఆ గీత బయట కూడా బఫర్, అంటే కట్టకుండా వదలవలసిన పట్టీ, ఉంటుంది. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించి ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. వాగు, కాలువ, వరదనీటి కాలువ (దీన్నీ నాలా అంటారు) వెడల్పు 10 మీటర్లకు మించితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు వదలాలి. నది అయితే మున్సిపల్ హద్దుల బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు.

ఈ దూరాలను ఎక్కడి నుంచి కొలుస్తారన్న దగ్గరే తగాదా. మే నెలలో నీరు ఉన్న అంచు నుంచి కాదు. వానాకాలంలో మీకు గుర్తున్న అంచు నుంచి కూడా కాదు. నీటిపారుదల శాఖ రికార్డులోని ఎఫ్‌టీఎల్ గీత నుంచి కొలుస్తారు. పదేళ్లుగా నిండని చెరువు కాబట్టి ఏమీ కాదనే వాదన అక్కడ నిలవదు. అలాగే శిఖం (చెరువు గర్భంలోని) పట్టా భూముల్లో హక్కు మీదే అయినా, నీరు తీసినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ హక్కు. ఇంటికి అది పనికిరాదు. హైదరాబాద్ పరిసరాల్లో 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత ఎఫ్‌టీఎల్, బఫర్ లోపలి కట్టడాలను కూల్చడం అందరూ చూశారు. పంచాయతీ ఇంటి నంబరు, కరెంటు మీటరు, ఆస్తిపన్ను రసీదు ఉన్నా ఆ కట్టడాలకు రక్షణ దొరకలేదు. అందువల్ల చెరువుకు అర కిలోమీటరు లోపల పొలం ఉన్నవారు నీటిపారుదల శాఖ నుంచి ఎఫ్‌టీఎల్ నిర్ధారణ తీసుకున్నాకే తరువాతి మెట్టుకు వెళ్లాలని నా సలహా. అది ఆలస్యమైనా సరే.

హక్కు, వాటాలు, అన్నదమ్ములు

రెండో ఇంటి విషయంలో అసలు చిక్కు చాలాసార్లు ప్రభుత్వంతో కాదు, ఇంట్లోవాళ్లతోనే వస్తుంది. పట్టా తండ్రి పేరున ఉండగా చిన్న కొడుకు తన డబ్బుతో ఇల్లు కడితే, రేపు పంపకాల్లో ఆ ఇల్లు ఉన్న ముక్క ఎవరి వాటాకు పోతుందన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఇద్దరు అన్నదమ్ముల పేరున ఉమ్మడి ఖాతా ఉంటే ఒకరి దరఖాస్తుకు మరొకరి సమ్మతి కావాలి.

కుటుంబం ఎలాగూ పంచుకోవాలనుకుంటే, నాలాకు ముందే, అంతా సాగుభూమిగా ఉన్నప్పుడే పంచుకోవడం తేలిక. సాగుభూమి పంపకం, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) తహసీల్దారు దగ్గర ఒకేచోట జరిగిపోతాయి. విలువ ఎకరాల లెక్కన కడతారు. ఒక ముక్క సాగేతర భూమిగా మారాక దాని రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి పోతుంది, విలువ గజాల లెక్కకు మారుతుంది. ఒకే కుటుంబ భూమి రెండు కార్యాలయాల్లో, రెండు రకాల విలువలతో ఉంటే పంపకం బరువవుతుంది. 2025 ఏప్రిల్ 14న పోర్టల్ మొదలైన భూభారతి అనే భూరికార్డుల చట్టం, భూమి చేతులు మారేటప్పుడు సర్వే పటం ఉండాలన్న దారిలో వెళుతోంది. కాబట్టి పంపకానికి ముందే లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో కొలిపించి, హద్దురాళ్లు పాతించి, పటం చేతిలో పెట్టుకోవాలి.

పంచుకునేటప్పుడు దారిని మరిచిపోకూడదు. రోడ్డు పక్కన అన్న వాటా, లోపల తమ్ముడి వాటా ఉన్నప్పుడు, లోపలి ఇంటికి పోయే దారి ఇప్పుడు మాటమీద నడుస్తుంది, ఒక తరం గడిచాక నడవదు. దారి వెడల్పును, అది ఎవరి భూమిలోంచి పోతోందన్నదాన్ని పంపకం దస్తావేజులోనే రాయించి రిజిస్టర్ చేయించుకోవాలి. నిర్మాణ అనుమతికి వెళ్లినప్పుడు కూడా చేరుకునే దారికి రాతపూర్వక ఆధారం ఏదని అడుగుతారు.

హక్కు రకాన్ని కూడా ఒకసారి సరిచూసుకోవాలి. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి 1977 చట్టం ప్రకారం అన్యాక్రాంతం చేయడానికి వీల్లేనిది. అలాంటి భూమి కొన్నారంటే నాలా, అనుమతి మాట అటుంచి ఆ కొనుగోలే చెల్లదు. దేవాదాయ, వక్ఫ్ భూములు, ఓఆర్‌సీ (అనుభవ హక్కు ధ్రువపత్రం) రాని ఇనాం భూములు, రక్షిత కౌలుదార్లకు యాజమాన్యం ఇచ్చే 38-ఈ ధ్రువపత్రాల వివాదంలో ఉన్నవి నిషేధిత జాబితాలో ఉంటాయి. భూభారతి పోర్టల్‌లో సర్వే నంబరు కొట్టి, నిషేధిత జాబితాలో లేదని చూసుకోవడం ఐదు నిమిషాల పని. పాత పహాణీల్లో (ఏటా రాసే సాగు, అనుభవ రికార్డుల్లో) తేడా ఉందేమో చూడడానికి మాత్రం ఐదు నిమిషాలు చాలవు, తెలిసినవారి సాయం తీసుకోవాలి.

విదేశాల్లో ఉన్న కొడుకు, కూతురు డబ్బు పంపి ఇల్లు కట్టించే కుటుంబాలకు ఇంకో నియమం ముఖ్యం. విదేశీ మారక చట్టం కింద ఎన్నారైలు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారి) కార్డుదారులు మన దేశంలో సాగుభూమిని, తోటను, ఫామ్ హౌస్‌ను కొనడానికి వీల్లేదు. బహుమతిగా తీసుకోవడానికి కూడా వీల్లేదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అందుకని అమెరికాలో ఉన్న తమ్ముడి పేరున తండ్రి బతికుండగా అర ఎకరం గిఫ్ట్ డీడ్ చేసి, ఆపైన ఇల్లు కడదామన్న ఏర్పాటు మొదటి మెట్టులోనే చట్టవిరుద్ధమవుతుంది. తండ్రి పేరునే ఉంచి, వీలునామాతో వాటా రాయడం ఇలాంటి కుటుంబాలకు సరైన దారి.

నాలా: ఎంత భూమిని మార్చాలి

2006లో వచ్చిన వ్యవసాయ భూముల మార్పిడి చట్టం కింద, సాగుభూమిని నివాసానికి వాడాలంటే ముందుగా మార్పిడి రుసుము చెల్లించి ఉత్తర్వు పొందాలి. అంతకుముందున్న 1963 నాటి చట్టం పేరునుంచి వచ్చిన నాలా అన్న పిలుపు ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. రుసుము భూమికి రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన మూల విలువపై శాతంగా ఉంటుంది, మార్కెట్లో పలికే ధరపై కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం ఇస్తే పోర్టల్ లెక్కకట్టి చూపిస్తుంది. అనుమతి లేకుండా ముందే వాడుక మార్చినట్టు తేలితే రుసుముతో పాటు దానిపై 50 శాతం జరిమానా పడుతుంది.

ఎంత విస్తీర్ణం మార్చాలన్న దగ్గర తొందరపడకూడదు. మూడెకరాల పొలంలో ఒక ఇంటి కోసం మొత్తం మూడెకరాలకూ నాలా చేయించుకున్నవారు ఉన్నారు. అది దండగ ఖర్చు మాత్రమే కాదు, ఆ భూమి పాస్‌బుక్ నుంచి, రైతు భరోసా నుంచి తప్పిపోతుంది. పది గుంటలు, అంటే 1,210 గజాలు మార్చారనుకుందాం. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయల లెక్కన పావు ఎకరానికి 3,000 రూపాయలు పోతుంది. మిగిలిన రెండు ఎకరాల 30 గుంటలు సాగుభూమిగానే ఉంటాయి. మూడెకరాలూ మారిస్తే ఏడాదికి 36,000 పోతుంది, పంట రుణం, పంట బీమా తలుపులు కూడా మూసుకుపోతాయి.

అయితే మరీ బిగించి నాలుగు గుంటలే మార్చడం కూడా తెలివైన పని కాదు. ఇంటికి చుట్టూ వదలవలసిన ఖాళీ, సెప్టిక్ ట్యాంకు, వాహనం తిరిగే చోటు, రోడ్డు దాకా వెళ్లే దారి, ఇవన్నీ సాగేతర వాడుకే. జోన్ నిబంధన కనీస విస్తీర్ణాన్ని అడుగుతుంటే దానికి తగ్గ ముక్కే మార్చాలి. దారి పొలంలోంచి పోతుంటే ఆ పట్టీని కూడా కలిపి, రోడ్డుకు తాకే ఒకే ముక్కగా మార్పిడికి పెట్టడం మంచిది. పొలం నడిమధ్య బావి దగ్గర దీవిలా ఒక ముక్కను మార్చుకుంటే, దానికి చట్టప్రకారం దారి చూపించలేక నిర్మాణ అనుమతి దగ్గర ఇబ్బంది పడతారు.

పాత ఇల్లు నాలా లేకుండానే ఉందా? చాలా పొలాల్లో అలాగే ఉంటుంది. బావి దగ్గర కొట్టంగా మొదలై స్లాబు ఇల్లుగా మారినవే ఎక్కువ. కొత్త ఇంటికి దరఖాస్తు చేసే సమయంలోనే పాత ఇల్లున్న ముక్కను కూడా జరిమానాతో సహా మార్పిడి చేయించుకోవడం మంచిదన్నది నా అభిప్రాయం. రెండు ఇళ్లూ పక్కపక్కన వచ్చేలా స్థలం ఎంచుకుంటే ఒకే ముక్క, ఒకే దారి, ఒకే ఉత్తర్వుతో పని తీరుతుంది. పొలానికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి కడితే భూమీ ఖర్చూ రెండూ రెట్టింపవుతాయి.

పంపు షెడ్డు, కళ్లం, గడ్డివాము సాగులో భాగమే. చేపల చెరువులు, పాడి, కోళ్ల షెడ్లు ఈ చట్టంలోని మినహాయింపుల కింద ఉన్నాయి. అయితే కోళ్ల షెడ్డు పేరుతో కట్టి అందులో కాపురం పెట్టడం మినహాయింపు కిందికి రాదు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులు ఒకటి గమనించాలి: అక్కడి ప్రభుత్వం 2025లో ఈ చట్టాన్నే రద్దు చేసి, మార్పిడి రుసుము స్థానంలో అభివృద్ధి రుసుమును నిర్మాణ, లేఅవుట్ అనుమతులతో కలిపి వసూలు చేసే పద్ధతికి మారింది. కాబట్టి నాలా గురించి పైన చెప్పినవి తెలంగాణకే వర్తిస్తాయి. జోన్, హక్కు, నీటివనరుల జాగ్రత్తలు మాత్రం రెండుచోట్లా అవసరమే.

నిర్మాణ అనుమతి

గ్రామపంచాయతీలో చిన్న ఇంటికి అనుమతి పంచాయతీ దగ్గరే మొదలవుతుంది. స్థలం విస్తీర్ణం, అంతస్తులు, ఎత్తు ఒక హద్దు దాటితే డీటీసీపీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ సాంకేతిక ఆమోదం కావాలి. మున్సిపాలిటీల్లో 2020 చట్టం తెచ్చిన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతిలో 75 గజాల వరకు స్థలానికి అనుమతి అవసరం లేకుండా నమోదు, 500 చదరపు మీటర్ల వరకు 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి, ఆపైన 21 రోజుల గడువు ఉన్నాయి. ఇప్పుడు ఈ దరఖాస్తులు బిల్డ్ నౌ అనే కొత్త వేదికకు మారుతున్నాయి.

ఈ కొలతలు స్థలానివి, ఇంటివి కావు. పది గుంటల ముక్కలో చిన్న రెండు గదుల ఇల్లు వేసినా అది 75 గజాల మినహాయింపులోకి రాదు. ఐదు గుంటలు కూడా 605 గజాలు, అంటే దాదాపు 506 చదరపు మీటర్లు. తక్షణ అనుమతి గీతను కాస్తలో దాటిపోతుంది. స్వీయ ధ్రువీకరణ తేలికగా కనిపిస్తుంది కాని, ఇచ్చిన వివరాలు తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని అదే చట్టం ఇచ్చింది. ఎఫ్‌టీఎల్, జోన్ గురించి రాసే గడుల్లో ఇంజినీరు ఏం రాస్తున్నాడో సంతకానికి ముందు మీరే చదవాలి.

దరఖాస్తుతో పాటు హక్కు పత్రాలు, నాలా ఉత్తర్వు, భూ వినియోగ ధ్రువపత్రం, స్థలం చుట్టూ ఉన్నవన్నీ చూపే సైటు ప్లాన్, లైసెన్సు ఉన్న ఇంజినీరు గీసిన నక్షా, దారికి ఆధారం ఇవ్వాలి. సైటు ప్లాన్‌లో పాత ఇంటిని, బావిని, బోరును, కరెంటు లైన్లను దాచకుండా చూపాలి.

ఇక్కడే పంచాయతీ ఇంటి నంబరు గురించి చెప్పాలి. కట్టిన ఇంటికి పన్ను వసూలు చేయడానికి పంచాయతీ నంబరు ఇస్తుంది; అది పన్ను లెక్క, అనుమతి కాదు. నంబరు ఉంది కదా అని రెండో ఇంటిని మొదలుపెట్టినవారు బ్యాంకు రుణం దగ్గరో, అమ్మకం దగ్గరో ఆగిపోతారు. బకాయిపడితే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమి తాకట్టుకు వర్తించదు కనుక, నాలా ఉత్తర్వు, ఆమోదిత నక్షా లేనిదే గృహరుణానికి బ్యాంకులు ముందుకు రావు.

ఫామ్ ప్లాట్ కొని కట్టాలనుకునేవారికి

సొంత పొలం లేకుండా, వెంచర్లలో ఐదు గుంటలో పది గుంటలో కొని వారాంతపు ఇల్లు వేసుకోవాలనుకునేవారు వేరే బాపతు. 2,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 20 గుంటలకన్నా చిన్న ముక్కలుగా లేఅవుట్ అనుమతి లేకుండా సాగుభూమిని అమ్మడం కుదరదని ప్రణాళికా విభాగం హెచ్చరించింది. ఇలాంటి ముక్క రిజిస్టర్ అయినా, ఆపైన ఇంటికి అనుమతి వస్తుందన్న భరోసా ఏమీ లేదు. అమ్మేవాళ్లు చూపే బ్రోషర్‌లో ఇంటి బొమ్మ ఉంటుంది. ఆ ఇంటికి అనుమతి సంఖ్య ఉందేమో అడిగి చూడండి.

కుదరనప్పుడు

జోన్ అడ్డుపడితే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు చేసే దారి ఉంది. ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు పిలిచి, రుసుములు కట్టించుకుని ఉత్తర్వు ఇస్తుంది. చిన్న రైతు కుటుంబానికి ఒక ఇంటి కోసం ఈ దారి సాధారణంగా గిట్టుబాటు కాదు. దానికన్నా రెండు దారులు నయం. ఒకటి, పాత ఇంటికే అనుమతి, నాలా సరిచేయించుకుని పైన అంతస్తు వేసుకోవడం. భూమి అదనంగా పోదు, బోరు, దారి పాతవే. రెండోది, గ్రామకంఠంలో కుటుంబానికి స్థలం ఉంటే అక్కడ కట్టుకోవడం. అది పాతకాలం నుంచి నివాస ప్రాంతం కనుక నాలా ప్రశ్న రాదు, అనుమతి పంచాయతీ స్థాయిలో తేలిపోతుంది. పొలం నుంచి పది నిమిషాల నడక అన్నది ఒక్కటే లోటు.

కరెంటు, నీరు

వ్యవసాయ మోటారుకు ఇచ్చిన ఉచిత కరెంటు కనెక్షన్ నుంచి ఇంటికి తీగ లాగకూడదు. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అది అనధికార వాడుక. వాడకాన్ని లెక్కకట్టి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. రెండో ఇంటికి గృహ కేటగిరీలో విడిగా మీటరు తీసుకోవాలి. అన్నదమ్ములు వేరుగా ఉంటే మీటర్లు వేరుగా ఉండడం పంచాయితీలనూ తగ్గిస్తుంది. కొత్త బోరు వేయాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి. ఉన్న బోరునే ఇంటికీ వాడుకుంటే గృహ అవసరానికి చిన్న మోటారును గృహ మీటరు మీద పెట్టుకోవాలి. పునాది తవ్వడానికి ముందే మీటరు దరఖాస్తు పెట్టి, నాలా ఉత్తర్వు, ఆమోదిత నక్షా ప్రతులను దానికి జత చేస్తే, పని మొదలయ్యేనాటికి నిర్మాణానికి తాత్కాలిక కనెక్షన్ కూడా దొరుకుతుంది.